గుండెకూ రేషన్ కార్డు కావాలి

గుండె బరువెక్కిన పాలమూరు, నల్లగొండ మనిషికి డాక్టరు చెప్పే మాట: తెల్లన్నం తగ్గించి జొన్నరొట్టె తినమని. ఈ మెట్ట చెల్కల్లో పండి, ఒకప్పుడు పూటపూటా తిన్నది అదే కదా! వరన్నం పండగకు. ఇప్పుడు మిర్యాలగూడ మిల్లులు మెరిపించిన బియ్యం పళ్లెంలోకి, జొన్నరొట్టె మందుచీటీలోకి చేరాయి. పీచు మాత్రం తవుడుతోపాటు బర్రె తొట్టిలోకి పోతోంది. దాని గుండెకు ఢోకా లేదు. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లో మొదలైన రేషన్ సన్నబియ్యం మనిషికి నెలకు 6 కిలోలు. 2013 ఆహార భద్రత చట్టంలో ముతక ధాన్యాలకూ కిలో రూపాయి అని ధర రాసి ఉంది. ఆ లైను దగ్గరే సర్కారు చూపు మందగిస్తున్నట్టుంది.

పేదోడు సన్నన్నం తింటే కడుపుమంటా అంటారు. కాదు, అది ఇవ్వాల్సిందే. పక్కన రెండు కిలోల జొన్నలు పోస్తే పోయే గౌరవమేమీ లేదు. జొన్న ఎవరు వేస్తారంటారా? 2025-26లో క్వింటా మద్దతు ధర సాధారణ వడ్లకు 2,369 రూపాయలు, హైబ్రిడ్ జొన్నకు 3,699. కాగితం మీద జొన్నదే పైచేయి, ఊళ్లో కాంటా మాత్రం వడ్లది. రొట్టె ఒక్కటే గుండెను కాయదన్నదీ నిజమే. ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలి, చుట్టా బీడీ మానాలి, నడవాలి. నడుస్తున్నాం కూడా: బండి మీద గ్రౌండుకు పోయి, నాలుగు రౌండ్లు కొట్టి, గేటు దగ్గర మిర్చిబజ్జీ తిని, అదే బండి మీద ఇంటికి.