గోడ లేని చందా

మైపాడు వైపు ఒక ఊళ్ళో కొందరు కుర్రాళ్ళు పల్లె పిల్లలకు సముద్రం ఒడ్డున ఈత, ఆటల కేంద్రం పెడదామని చందాలకు బయల్దేరారు. ఊరి పేరు చెప్పను. ఇందుకూరుపేటలో చదివినా విడవలూరులో చదివినా ఇది మనూరి సంగతే అనుకుంటారు, నాకదే మేలు.

వాళ్ళ లెక్క చిన్నది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరమంతా ఇంజను పడవలకు వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కుతాయి. పుట్టిన్నాటి నుంచీ అలలతో పనిబడ్డ మనుషులు వలలు బాగుచేసుకుంటూ పాళెంలోనే ఉంటారు. బడిపిల్లలకు సెలవులూ అప్పుడే. వాళ్ళకు రోజుకూలి ఇచ్చి వీళ్ళకు ఈత, పడవ నడపడం నేర్పించాలి. సరుగుడు తోపులో మోకులు కట్టాలి, రాత్రికి నాలుగు గుడారాలు వెయ్యాలి. లైఫ్ జాకెట్లు, దెబ్బ తగిలితే మందుల పెట్టె. అంతే. ఇంత చక్కటి లెక్కలో ఒకటే లోపం, గోడ లేదు.

మొదట పట్టుకున్నది రొయ్యల గుంటల ఆసామిని. పెద్ద చెయ్యి.

"ఎంతైనా ఇస్తా అబ్బయ్యా. శిలాఫలకం యాడ బెడతారు?"

"గోడ లేదన్నా."

"లేకపోతే కట్టండి."

కట్టకూడదని కుర్రాళ్ళు కాయితం తీశారు. 2019 నాటి తీర నియంత్రణ నోటిఫికేషన్ ప్రకారం, జనం పల్చగా ఉండే పల్లె తీరాల్లో పోటు గీత నుంచి 200 మీటర్ల దాకా కొత్త కట్టడాలు కుదరవు. ఆసామి ఓపిగ్గా విన్నాడు.

"201వ మీటరు కాడ ఆర్చి కట్టండి. మా నాయన పేరు మీద."

"ఆర్చి దాటితే లోపల ఏముంటుందన్నా?"

"ఏందబ్బా, సముద్రం లేదా?"

బంగాళాఖాతానికి ఆయన నాయన పేరు తప్పేట్టు లేదని కుర్రాళ్ళు లేచొచ్చారు.

తర్వాత ఒక కంపెనీ. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సమాజం పనులకు పెట్టాలి. గ్రామీణ క్రీడల శిక్షణా ఆ జాబితాలో ఉంది. ఆఫీసరు గారు అంతా ఒప్పుకున్నారు, కాఫీ ఇప్పించారు. చివర్లో, "నెల తర్వాత అక్కడ మిగిలే ఆస్తి ఏంటి?" అన్నారు. ఈత వచ్చిన పిల్లలు అని చెప్పారు వీళ్ళు. ఆయన కంప్యూటర్లో అలాంటి గడి కోసం చాలాసేపు వెతికారు పాపం. సిమెంటు బెంచీలకు మాత్రం గడి ఉంది. పది బెంచీలు మంజూరయ్యాయి, వీపు ఆనించే చోట కంపెనీ గుర్తుతో.

అమెరికా అన్న టీషర్టులు పంపాడు. అన్నీ పెద్దవాళ్ళ సైజు.

దాతలను మరీ ఆడిపోసుకోవడం కూడా తప్పే. నెల్లూరులో రేబాల వారి టౌన్‌హాలు ఉందంటే పేరు మీద మమకారం చేసిన పుణ్యం అందులో కొంతైనా ఉంటుంది. కాకపోతే టౌన్‌హాలుకు గోడలు కావాలి. ఈతకు నీళ్ళు చాలు.

కుర్రాళ్ళ కమిటీలో ఒక రిటైర్డు మాస్టారున్నారు. ఆయన ఆసామిని మెత్తబరచాలని ఇందుకూరుపేట మండలంలోని పల్లిపాడు కథ ఎత్తుకున్నారు. 1921 ఏప్రిల్ 7న గాంధీగారు స్వయంగా వచ్చి పెన్న ఒడ్డున పినాకిని సత్యాగ్రహాశ్రమం ప్రారంభించారనీ, పొణకా కనకమ్మ గారు భూమి ఇచ్చారనీ, దక్షిణాఫ్రికాలో గాంధీకి మిత్రుడైన రుస్తుంజీ అనే పార్సీ పదివేలు ఇచ్చాడనీ కళ్ళు చెమర్చేట్టు చెప్పారు. ఆసామి కళ్ళూ చెమర్చాయి.

"పదివేలా! ఆ కాలంలో! ఆయన పేరు ఎంతెంత అక్షరాలతో ఏశారు మాస్టారూ?"

ఆఖరికి దారి దొరికింది. దాతల పేర్లు లైఫ్ జాకెట్ల మీద వేస్తామన్నారు. ఒక్కసారిగా చందాలు కదిలాయి. ఛాతీ వైపు ఒక రేటు, వీపు వైపు ఇంకో రేటు. ఆసామి ఇరవై జాకెట్లకు రెండువైపులా పుచ్చుకున్నాడు. ఆయనకొకటే అనుమానం.

"నీళ్ళలోకి దిగితే పేరు తడవదా?"

"చెరగని రంగే వాడతామన్నా."

"చెరగడం కాదబ్బా, కనపడద్దా? ఫోటోలు అయ్యేదాకా ఒక్కడ్ని గూడా దించబాకండి."

అట్లాగేనన్నారు. ఫోటోలకు ప్రారంభోత్సవం కావాలి, ప్రారంభోత్సవానికి పెద్దమనిషి కావాలి. ఏప్రిల్ నుంచి తిరిగితే ఆ పెద్దమనిషి డేటు దొరికింది, జూన్ 15. నేర్పాల్సినవాళ్ళు ఆ తెల్లవారుజామునే వేటకు పోతారని మాస్టారు గొణిగారు. బోట్లన్నీ సముద్రం మీదుంటాయి కాబట్టి ఒడ్డున షామియానాకు జాగా దండిగా దొరుకుతుందని కమిటీ సంతోషించింది.