మొయినాబాద్‌లో మంచు కురిస్తే

హైదరాబాద్ శివారు మొయినాబాద్‌లో ఎప్పుడైనా మంచు కురిసి, కప్పుల మీద మూడు నాలుగు అడుగుల మందాన పేరుకుపోయి, ఆ బరువుకి ఊళ్లో డాబాలన్నీ కుంగిపోతే, ఆ రోజున చెక్కుచెదరకుండా నిలబడేవి ఫామ్ ప్లాట్లలో వెలసిన ఏ-ఫ్రేమ్ క్యాబిన్లు మాత్రమే. వాటి కప్పు అంత ఏటవాలుగా ఉంటుంది మరి. పడ్డ మంచు పడ్డట్టే జారిపోవాలని చలిదేశాల కొండల మీద వాళ్లు ఎంచుకున్న వాలు అది. 1950లలో అమెరికావాళ్లు సెలవుల ఇళ్లకి ఆ వాలునే పట్టుకుని, దాన్ని నేల దాకా దించేశారు. ఇప్పుడు మనవాళ్లు దాన్ని తెచ్చి చేవెళ్ల నేలలో పాతారు. హిమపాతానికి ఇంత ముందుచూపుతో సిద్ధమైన జాతి ప్రపంచంలో ఇంకోటి ఉండదు. ఈలోగా ఏటా మే నెల వచ్చి పోతుంటుంది. అది వేరే సంగతి.

శనివారం పొద్దున్నే శంకర్‌పల్లి రోడ్డు మీద గానీ, చేవెళ్ల దాటి వికారాబాద్ అడవి వైపు గానీ వెళ్లి చూడండి. మామిడి మొక్క మోకాలెత్తు కూడా ఎదగని పది గుంటల్లో నల్ల రేకు కప్పుకున్న త్రిభుజం ఒకటి కనబడుతుంది. ముందు వైపంతా గాజు. లోపలంతా పైన్ చెక్క. గోడవారగా నిచ్చెన, నిచ్చెన చివర లాఫ్ట్, లాఫ్ట్ మీద పరుపు, పరుపు పైన పసుపు లైట్ల దండ. గుమ్మంలో యజమాని. "కొండాపూర్‌లో మూడు బెడ్‌రూముల ఫ్లాటుంది గానీ ఈ ప్రశాంతత అక్కడెక్కడిదండీ! మనిషికి ఇంతకన్నా ఏం కావాలి చెప్పండి?" అంటారాయన. ఇంతకన్నా కావలసినవన్నీ ఆయన కారు డిక్కీలో ఉంటాయి: నీళ్ల క్యాన్లు, ఐస్ బాక్సు, దోమల బ్యాటు, బిర్యానీ పార్సిల్, గాజు తుడిచే లిక్విడు.

ఆయన ప్రశాంతత మీద నాకు పేచీ లేదు. డబ్బు ఆయనది, గుంటలు ఆయనవి. నా పేచీ అంతా దీన్ని సాదాసీదా బతుకు అని ప్రచారం చేయడంతోనూ, ఆ లాఫ్ట్‌తోనూ.

ముందు లాఫ్ట్ లెక్క తేలుద్దాం. పదో తరగతి త్రికోణమితి చాలు. క్యాబిన్ వెడల్పు 16 అడుగులు, కప్పు వాలు 60 డిగ్రీలు అనుకోండి. నేల నుంచి కొప్పు దాకా ఎత్తు 14 అడుగులకి కొంచెం తక్కువ వస్తుంది. 8 అడుగుల ఎత్తులో లాఫ్ట్ చెక్కలు పరిస్తే పైన మిగిలేది 6 అడుగుల లోపే. అదీ సరిగ్గా నడుమ, కొప్పు కింద. అక్కడ లాఫ్ట్ వెడల్పు 7 అడుగులు కూడా ఉండదు. అందులో తల కప్పుకి కొట్టుకోకుండా నిటారుగా కూర్చోగలిగే చోటు మధ్యలో 3 అడుగుల పైచిలుకు పట్టీ మాత్రమే. అంటే ఆలుమగల్లో ఒకరే లేచి కూర్చోవచ్చు. రెండోవారు లేవాలంటే మొదటివారు పడుకోవాలి. దాంపత్యంలో సర్దుబాటు ఎంత ముఖ్యమో పెద్దలు నోటితో చెప్పేవారు, వీళ్లు ప్లానులోనే గీసి పెట్టారు.

కింద మాత్రం ఏం దక్కింది? కాగితం మీద 16 అడుగుల వెడల్పు. ఆరడుగుల మనిషి మెడ వంచకుండా తిరగగలిగేది నడిమి 9 అడుగుల్లోనే. రెండు పక్కలా మూడున్నర అడుగుల చొప్పున కప్పు మింగేసింది. ఆ మూలల్లో బీరువా నిలబడదు, గోడకి క్యాలెండరు ఆనదు, చీపురు కట్ట సాఫీగా పోదు. డబ్బిచ్చి వేయించుకున్న నేలలో సగానికి కాస్త తక్కువ భాగం సాలెపురుగులకి రాసిచ్చి, స్థలం చాలడం లేదు కాబట్టి లాఫ్ట్ అంటారు. తాడిచెట్టు ఎందుకెక్కావురా అంటే దూడగడ్డి కోసమన్నాడట. ఆ పెద్దమనిషి ఈ రోజుల్లో ఉంటే ఆర్కిటెక్టు అయ్యుండేవాడు.

ఇక నిచ్చెన. దాని సంగతి పగలు ఫొటో తీసుకునేటప్పుడు తెలియదు, రాత్రి 2 గంటలకి తెలుస్తుంది. బాత్రూమ్ కింద, మనిషి పైన, షుగర్ మనిషిలో.

వేడి గాలి పైకి పోతుందన్నది మన మేస్త్రీలకి పుస్తకం చదవకుండానే తెలుసు. పాత పెంకుటిళ్లలో గది మీద దూలాలు వేసి, పలకలు పరిచి అటక కట్టేవారు. దాని మీద పండగలకి తప్ప దింపని గంగాళాలు, కుంపట్లు, విరిగిన ఉయ్యాల బల్ల ఉండేవి. పెంకుల మీద కాసిన ఎండ వేడి ఆ అటక పైనే ఆగిపోయేది. కింద మనిషి చల్లగా కునుకు తీసేవాడు. పెంకుకీ పెంకుకీ మధ్య సందుల్లోంచి ఆ వేడి మెల్లగా బయటికి జారుకునేది. వేడిని పైన, మనిషిని కింద పెట్టిన ఏర్పాటది. కొత్త ప్లానులో మనిషిని తీసుకెళ్లి గంగాళం పక్కన పడుకోబెట్టారు. పెంకు సందులు లేవు, పైన రేకు, రేకు కింద నురుగు ప్యానెల్, దాని కింద పైన్ చెక్క. వేడి పోయే దారి కొప్పు దగ్గర పెట్టాలి. పెడితే త్రిభుజం అందం చెడుతుందని పెట్టరు. పైగా సూర్యాస్తమయం చూడాలి కనుక గాజు గోడ పడమటికి. వేసవిలో మధ్యాహ్నం 2 నుంచి సాయంత్రం 6 దాకా ఆ గాజులోంచి ఎండ లోపలికి రావడమే గానీ బయటికి పోవడం ఉండదు. ఇంత శ్రమపడి సోలార్ కుక్కర్ కట్టాక, అందులోంచి మనిషిని బతికించి బయటపడేయడానికి ఏసీ పెడతారు. ఏసీకి ఇన్వర్టర్, ఇన్వర్టర్‌కి జనరేటర్. ప్రకృతి ఒడిలో డీజిలు వాసన అలా మొదలవుతుంది.

ఏటవాలు కప్పు మనకి కొత్తని నేననడం లేదు. కోస్తా పల్లెల్లో చుట్టిళ్లు ఉండేవి. గుండ్రటి మట్టి గోడ, దాని మీద తాటాకు కప్పు, చూరు దాదాపు నేలని తాకుతున్నంత కిందికి. తుఫాను గాలికి ఎదురు నిలిచే మూల దొరకదు, చుట్టూ తిరిగి పోతుంది. వాన జారిపోతుంది. ఎండ గోడ మీద పడదు. ఆ వాలుకి కారణం ఉంది, ఆ కారణం ఏటా బంగాళాఖాతంలోంచి వస్తుంది. మొయినాబాద్ వాలుకి కారణం ఫోన్‌లోంచి వచ్చింది.

ఈ క్యాబిన్ల వెనక, ఫొటోలో పడని వైపు, ఇంకో ఇల్లుంటుంది. పదడుగుల గది, సిమెంటు ఇటుక గోడలు, పైన రేకు. పాలమూరు నుంచి వచ్చిన వాచ్‌మన్, భార్య, ఇద్దరు పిల్లలు అందులో ఉంటారు. వస్తువుల్ని ఎంత తక్కువలో సర్దుకోవచ్చో అక్కడ చూడాలి. గోడకి కొట్టిన మేకులకి స్కూలు సంచులు, దండెం మీద బట్టలు, మంచం కింద బియ్యం డ్రమ్ము, తలుపు పైన చెక్క పలక మీద దేవుడు, ఆయన పక్కనే రేషన్ కార్డున్న ప్లాస్టిక్ డబ్బా. దీన్ని మినిమలిజం అని ఎవరూ అనరు. మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి, లాఫ్ట్ మీంచి చెమట కారుతూ దిగివచ్చిన యజమానిని చూసి ఆ వాచ్‌మన్, "ఈడ చెట్టు కింద పండుండ్రి సార్, సల్లగుంటది" అని వేపచెట్టు నీడలో తన నులకమంచం వాల్చాడు. సారు సాయంత్రం దాకా లేవలేదు. ఆ మంచానికి నిచ్చెన లేదు, చదరపు అడుగుకి రేటు లేదు.

ఇంత చెప్పినా వినరు. "థోరో ఏం చేశాడండీ?" అని అడుగుతారు. అడవిలో నిరాడంబరంగా బతకడం గురించి ఆ అమెరికా రచయిత రాసిన పుస్తకం చాలామంది ఆ లాఫ్ట్ మీదే పెట్టుకుంటారు, వెన్ను ఫొటోలో కనబడేలా. సరే, ఏం చేశాడో చూద్దాం. 1845లో వాల్డెన్ చెరువు గట్టున 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు గుడిసె వేసుకున్నాడు, పైన చిన్న అటకతో సహా. ఖర్చు 28 డాలర్ల పన్నెండున్నర సెంట్లని మేకుల ధరతో కలిపి లెక్క రాశాడు. ఆ స్థలం స్నేహితుడు ఎమర్సన్‌ది. గొడ్డలి అరువుది. ఒకటిన్నర మైళ్ల దూరంలో ఊళ్లో సొంతవాళ్లు ఉన్నారు. చెక్కలెక్కడివంటే, రైలు మార్గం పనుల్లో ఉన్న జేమ్స్ కాలిన్స్ అనే ఐరిష్ కూలీ గుడిసెని 4 డాలర్ల 25 సెంట్లకి కొని, ఊడదీసి తెచ్చినవి. ఆ కూలీ కుటుంబం తెల్లారి 5 గంటలకల్లా ఇల్లు ఖాళీ చేసి మూటాముల్లెతో రోడ్డెక్కింది. నిరాడంబరత పాఠానికి ఇల్లు దొరికింది, నిరాడంబరంగా బతుకుతున్నవాడికి ఉన్న ఇల్లు పోయింది. థోరోని మెచ్చుకోవడానికి ఒక్క కారణం మాత్రం ఉంది: ఈ లెక్కలన్నీ ఆయన దాచకుండా రాసుకున్నాడు. మనవాళ్లు గజం రేటు కూడా చెప్పరు.

చండీగఢ్ కట్టిన లె కార్బూజియే కూడా ఇలాంటి ముచ్చటే పడ్డాడు. 1952 నాటికి దక్షిణ ఫ్రాన్స్ సముద్రతీరంలో 12 అడుగుల పొడవు, అంతే వెడల్పుతో ఒక చెక్క గది కట్టించుకున్నాడు. ముక్కాలు గంటలో గీసేశానని చెప్పుకున్నాడు. అందులో వంటిల్లు లేదు. ఎందుకుంటుంది? ఆ గదిని కట్టిందే తిండి దొరికే చిన్న హోటలు గోడకి ఆనించి, మధ్యలో తలుపు పెట్టుకుని. చిన్న ఇల్లు ఎంత చిన్నగా ఉండగలదన్నది పక్కనున్న పెద్ద ఇల్లు ఎంత దగ్గరలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. మన కొండాపూర్ సారుకి వాషింగ్ మెషీన్, పిల్లల చదువు, అత్తగారి మందులు, శీతాకాలపు దుప్పట్లు అన్నీ ఫ్లాటులో ఉన్నాయి. అవన్నీ మోస్తున్న ఆ ఫ్లాటుని లెక్కలోంచి తీసేసి, 320 చదరపు అడుగుల్లో బతికేస్తున్నానంటే నమ్మేదెలా?

చదరపు అడుగుల మాట వచ్చింది కాబట్టి ఒక తమాషా చెప్పాలి. అమెరికా నివాసాల కోడ్‌లో 2018లో చిన్న ఇళ్ల కోసం ఒక అనుబంధం చేర్చారు. దాని ప్రకారం లాఫ్ట్‌ని వదిలేసి 400 చదరపు అడుగులు, అంతకు లోపు ఉంటేనే అది చిన్న ఇల్లు. మన తెలంగాణలో పేదవాడికి 5 లక్షలిచ్చే ఇందిరమ్మ ఇంటికి కనీస కొలత ఎంతో తెలుసా? అదీ 400 చదరపు అడుగులే. అక్కడ పై గీత, ఇక్కడ కింది గీత. ఒకే ఊరి పొలిమేరలో, ఒక ఇల్లు 400 అడుగులకి తగ్గితే బిల్లు ఆగుతుంది, ఇంకో ఇల్లు 400కి తగ్గితే జీవన విధానమవుతుంది.

అమెరికాలో ఆ గీత పుట్టడానికి వెనక కష్టం కూడా ఉంది. 2008లో ఇంటి అప్పులు మునిగి, ఉన్న కొంపలు బ్యాంకులకి పోయాక, చిన్న ఇంటికి మళ్లినవాళ్లు అక్కడ నిజంగానే ఉన్నారు. వాళ్లు లాఫ్ట్ ఎక్కింది కింద చోటు లేక. ఇక్కడ చుట్టూ పది గుంటలు ఖాళీగా పడుంటే నేల విడిచి సాము చేయడమెందుకు? ఆ అనుబంధంలోనే ఇంకో మాట ఉంది: లాఫ్ట్ మీద పడుకునేవాడు నిప్పంటుకుంటే బయటపడే కిటికీ ఉండాలని. మన క్యాబిన్లలో పైన గాజు చాలాచోట్ల తెరుచుకోదు. చుట్టూ చెక్క, కింద కరెంటు పొయ్యి, దిగడానికి ఉన్నది ఒక్క నిచ్చెన. ఇక్కడ నాకు హాస్యం రావడం లేదు.

చెదల గురించి రాయాల్సింది చాలా ఉంది గానీ, అవి నాకన్నా ముందే ఆ పని మీద ఉన్నాయి. పైన్ చెక్కని మన ఎర్రమట్టి చెదలు ఎంత ఆప్యాయంగా అందుకుంటాయో రెండు వానాకాలాలు గడిచాక యజమానులే చెబుతారు. వ్యవసాయ భూమిలో ఇల్లు కట్టాలంటే దాన్ని వ్యవసాయేతర భూమిగా మార్చే నాలా మార్పిడి ఉండాలని, జంట జలాశయాల చుట్టూ 84 ఊళ్లలో నిర్మాణాల మీద ఆంక్షలతో 1996లో 111 జీవో వచ్చిందని ఫామ్ ప్లాటు అమ్మేవాళ్లు చెప్పరు. "అది క్యాబిన్ సార్, ఇల్లు కాదు" అంటారు. లాఫ్ట్ మీద పడుకున్నవాడు కూడా ఆ మాటే అంటాడు, కాకపోతే బాధగా.

కట్టుకోవద్దని నేను చెప్పను. కడితే నేల మీద కట్టుకోండి. గాజుని ఉత్తరానికి తిప్పండి. గోడల మీద ఎండ పడకుండా చూరు రెండడుగులు ముందుకి దించండి. కొప్పు దగ్గర వేడి పోవడానికి సందు వదలండి. అటక తప్పదంటే దాని మీద సూట్‌కేసులు పెట్టండి. ఇవన్నీ మీ ఊరి మేస్త్రిని అడిగినా చెబుతాడు, ఫీజు కూడా తీసుకోడు.

అయినా త్రిభుజమే కావాలంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక్క పని చేయండి. బిల్డరు చూపించే నమూనా క్యాబిన్‌కి డిసెంబరు సాయంత్రం కాకుండా మే నెల మధ్యాహ్నం 3 గంటలకి వెళ్లండి. ఏసీ ఆపమనండి. నిచ్చెనెక్కి, ఆ పరుపు మీద అరగంట పడుకోండి. దిగివచ్చాక కూడా సంతకం పెట్టాలనిపిస్తే నిక్షేపంగా పెట్టండి.