ట్యాగు చక్ర పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక: అమెరికా, కెనడాల్లో పెద్ద బస్సునే ఇల్లుగా కట్టించుకుని తిరిగే గృహస్థులున్నారు. ఆ ఇంట్లోని రాతి గచ్చును, తోలు సోఫాను వర్ణించిన కావ్యాలు కొల్లలు. వెనకాల మూడో ఇరుసు ఊసెత్తినవాడు లేడు. అజ్ఞాత కవి ఒకడు షెడ్డులో వెల్లకిలా పడుకుని ఉండగా ఈ ఆటవెలది ఆశువుగా వెలువడిందని ఐతిహ్యం.

వెనుక చక్రమున్న వీపుకు బలమిచ్చు
గాలి సంచి నిండ గాలి యున్న
బుష్షు లరిగెనేని పొర్లాడు బస్సెల్ల
రోడ్డు మీది యింట రూఢి యిదియె

ప్రతిపదార్థం: వెనుక చక్రము + ఉన్న = నడిపే ఇరుసుకు వెనకాల, ఇంజను శక్తి అందని ట్యాగు ఇరుసు చక్రం ఉన్నట్లయితే; గాలి సంచి నిండన్ = ఎయిర్ బెలో నిండుగా; గాలి + ఉన్న = గాలి ఉన్నచో; వీపుకు = ఇంజను మోసే వెనక భాగానికి; బలము + ఇచ్చున్ = దన్నుగా నిలుస్తుంది; బుష్షులు + అరిగెనేని = రబ్బరు బుష్షులు అరిగితే; బస్సు + ఎల్లన్ = బస్సంతా; పొర్లాడున్ = పక్కలకు ఒరుగుతుంది; రోడ్డు మీది + ఇంటన్ = మోటారు హోములో (రోడ్డున పడ్డ సంసారమని అర్థం చెప్పరాదు, ఇది ఇష్టపడి రోడ్డెక్కిన సంసారం); ఇదియె రూఢి = తేలిన సంగతి ఇదే.

తాత్పర్యం: గాలీ రబ్బరూ చూసుకో.

టీక: ‘వెనుక చక్రము’ అంటే ఇంజను తిప్పే జంట టైర్లని కొందరన్నారు. పొసగదు. క్యూబెక్‌లో తయారయ్యే 45 అడుగుల ప్రెవో బస్సులో ముందు రెండు టైర్లు, నడిపే ఇరుసుకు నాలుగు, దాని వెనకాల ట్యాగుకు ఒంటి టైర్లు రెండు. కవి మనసు ఈ చివరి రెంటి మీదే. మన ఆర్టీసీ గరుడ ప్లస్ వోల్వో ఎక్కినవారికి ఈ మూడో ఇరుసు కొత్త కాదు. ప్రెవో కూడా వోల్వో వంశంలోదే. ‘1961లో వచ్చిన జీఎం 4106 బస్సుకు రెండే ఇరుసులు, అయినా దాన్నీ ఇల్లు చేసుకున్నారు కదా’ అని ఆక్షేపణ. అందుకే కవి ‘ఉన్న’ అన్నాడు. లేనివారికి ఈ పద్యం వర్తించదు.

ట్యాగు ఎందుకు ఉండాలంటే, అమెరికా ఇంటర్‌స్టేట్ రోడ్ల మీద ఒంటి ఇరుసుకు 20,000 పౌండ్లు, దగ్గరదగ్గరగా ఉన్న ఇరుసుల జతకు 34,000 పౌండ్లు మామూలు హద్దు. రాతి గచ్చు, బ్యాటరీలు, ట్యాంకుల నిండా నీళ్లు పెట్టుకున్న ఇంటి వెనక బరువు ఆ మొదటి హద్దులో ఇమడదు.

‘గాలి సంచి నిండ గాలి’ పునరుక్తి దోషమని ఒక పండితుడు. ఆయన ఎప్పుడూ బస్సు కిందికి వెళ్లి ఉండడు. సంచి ఉండటం వేరు, అందులో గాలి ఉండటం వేరు. బస్సు దిగబడితే లెవలింగ్ వాల్వు చేయి పైకి లేచి గాలి పంపుతుంది, ఎత్తు సరిపోగానే ఆపుతుంది. రాత్రి సమంగా నిలిపిన బస్సు తెల్లారేసరికి ఒక మూల కుంగితే, ఆ మూల గొట్టాల కీళ్లకూ బెలోకూ వాల్వుకూ సబ్బునీళ్లు పూయాలి. బుడగ లేచినచోట దొంగ. ఇరుకు మలుపులో టైర్లు ఒరుసుకోకుండా, మంచులో నడిపే చక్రానికి పట్టు దొరకడానికి, ట్యాగు గాలి కాసేపు దించే స్విచ్చు కూడా ఉంటుంది. వేగం అందుకోకముందే గాలి తిరిగి నింపాలి. లేకపోతే దాని బరువు కూడా నడిపే ఇరుసు నెత్తినే.

ఇక్కడ వ్యాకరణం పక్కన పెట్టి చెబుతున్నాను. గాలిని నమ్మి బస్సు కింద దూరొద్దు. బెలో పగిలితే పాక్కుంటూ బయటపడే వ్యవధి ఉండదు. చట్రానికి గట్టి స్టాండ్లు పెట్టాకే వీపు నేలకు ఆనాలి.

‘పొర్లాడు’ అతిశయోక్త్యలంకారం. నిజానికి బస్సు ఒరుగుతుంది, లోపలివాళ్ల కాఫీ పొర్లుతుంది. స్టెబిలైజర్ కడ్డీ రెండు చక్రాలూ కలిసి లేచినప్పుడు ఊరుకుంటుంది. ఒకటే లేస్తే మెలిపడి అడ్డుకుంటుంది. దాన్ని పట్టి ఉంచే బుష్షులు వదులైతే ఆ మెలిక మొదలయ్యేలోపే బస్సు వాలిపోతుంది. పెట్రోలు బంకులోకి ఏటవాలుగా ఎక్కేటప్పుడు కింద ‘ఠక్’మంటే మొదటి అనుమానం వీటి మీదే. రబ్బరు పక్కన ఇనుము మెరుస్తుంటే అక్కడ రాపిడి ఉన్నట్టు.

‘అరిగెనేని’ దగ్గర మాత్రం కవి పొరబడ్డాడని నా మతం. లైను బస్సు బుష్షులు తిరిగి తిరిగి అరుగుతాయి. ఇల్లయిన బస్సు ఏడాదిలో ఎక్కువ కాలం కదలదు. దాని రబ్బరు ఉన్నచోటే ఎండి పగుళ్లిస్తుంది. టైర్లదీ అదే గతి. గాడి కొత్తగా కనిపిస్తుంది, పక్క గోడ ముసలిదై ఉంటుంది. గాడిని కాక ఆ పక్క గోడ మీదున్న డాట్ (DOT) సంఖ్యలోని చివరి నాలుగంకెలను చదవాలి: 2319 అంటే 2019లో 23వ వారం. ట్యాగు టైరు ఒక అంచునే అరిగితే ఆ ఇరుసు ముందుదానితో సమాంతరంగా ఉందో లేదో చూడాలి. అదీ బస్సు నడిచే ఎత్తు సరిచేశాకే.

పాఠాంతరం: మూడో పాదం ఒక ప్రతిలో ‘బుష్షు లుండెనేని పొర్లాడు’ అని ఉంది. కొత్త బుష్షులుండగా పొర్లడమేమిటని దీన్ని లేఖక దోషంగా కొట్టేశారు. కానీ ఇరుసు గాల్లో వేలాడుతుండగానే దాన్ని చట్రానికి కలిపే రేడియస్ రాడ్ల బోల్టులు బిగించేశారనుకోండి. బస్సు దించగానే రబ్బరు పుట్టుకతోనే మెలిపడి, త్వరలో చిరుగుతుంది. చివరి బిగింపు నడిచే ఎత్తులో పడాలి. అది తెలియని షెడ్డులో మాత్రం ఈ పాఠమే సాధువు.