ఆరు బంతుల ఆటవెలదికి టీకా తాత్పర్యం

అవతారిక

క్రికెట్ నేర్చుకోవడానికి మైదానం, వల, శిక్షకుడు ఉండాలని శాస్త్రం చెబుతున్నా, లోకంలో ఈ విద్యకు అక్షరాభ్యాసం జరిగేది చాలాసార్లు ఇంటి వరండాలో, తల్లి చేతి బంతితోనే. హైదరాబాదు పాతబస్తీకి ఆగ్నేయాన ఉన్న కంచన్‌బాగ్ ఈ విషయాన్ని పరిశీలించడానికి తగిన క్షేత్రం. 1970లో భారత్ డైనమిక్స్, 1973లో మిశ్ర ధాతు నిగమ్ ఏర్పడి, వాటి చుట్టూ రక్షణ పరిశోధనశాలలు వెలిసిన ఈ పేటలో, క్షిపణి ఎక్కడ బయలుదేరి ఎక్కడ పడాలో పగలంతా ప్రహరీ గోడల లోపల లెక్కకడితే, టెన్నిస్ బంతి ఎక్కడ పడకూడదో సాయంత్రం క్వార్టర్ల వరండాల్లో లెక్కకడతారు. ఈ రెండు లెక్కలూ వేర్వేరు మనుషులవేనని అనుకోవలసిన పని లేదు. అగ్ని-4 క్షిపణికి ప్రాజెక్టు డైరెక్టరుగా పనిచేసిన టెస్సీ థామస్ వంటి స్త్రీలు పనిచేసిన నగరంలో, పగటి లెక్క ముగించుకుని సాయంత్రపు లెక్క మొదలుపెట్టే తల్లులూ ఉంటారు.

ఇక్కడ వ్యాఖ్యానించే మూలం తల్లుల నోట గద్యరూపంలోనే ఉన్నది; వ్యాఖ్యాన సౌకర్యం కోసం దానిని ఆటవెలదిలో కూర్చడమైనది. ఆధారం లేనిది రాయననీ, అక్కర లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ చేసి కావ్యాలకు వ్యాఖ్యలు రచించిన మల్లినాథ సూరి మెదకు జిల్లా కొల్చారం వాడు గనుక, పొరుగువాడి మీది గౌరవంతో ఈ టీక మొదటి నియమాన్ని పూర్తిగాను, రెండవ నియమాన్ని వీలైనంత మేరకు పాటిస్తుంది.

మూలం

ఆ.వె. మెల్లగాను కొట్టు మేడపై యద్దాలు
పగులునయ్య! యింక బంతులారు;
కూత పెట్టెనేని కుక్కరు దించగా
అమ్మ వెళ్ళు నాట యంతమగును.

ప్రతిపదార్థం

అయ్య = ఓ నాయనా; మెల్లగాను = బలం తగ్గించి; కొట్టు = బంతిని ఆడుము; మేడపై = పై అంతస్తులోని; అద్దాలు = కిటికీ పలకలు; పగులును = పగిలిపోవును; ఇంక = ఇకమీదట; బంతులు + ఆరు = ఆరు బంతులు మాత్రమే ఉన్నవి; కుక్కరు = అన్నం ఉడుకుతున్న పాత్ర; కూత పెట్టెనేని = కూసినట్లయితే; దించగా = పొయ్యి మీది నుండి దించడానికి; అమ్మ = తల్లి; వెళ్ళును = లోపలికి పోవును; ఆట = క్రీడ; అంతమగును = ముగియును.

విశేషాలు

1. “అయ్య” అనే సంబోధన ప్రసన్నావస్థకు చెందినది. వాడుకలో దీని స్థానంలో నాన్నా, చిన్నా, కన్నా అనేవి వస్తాయి. అద్దం నిజంగానే పగిలిన పక్షంలో ఇంటిపేరుతో సహా బడి రిజిస్టరులోని పూర్తి పేరు వస్తుంది. “అమ్మ” అన్నది ఉపలక్షణం, అనగా ఒకదానిని చెప్పి దానివంటి వాటినన్నిటినీ సూచించడం. కంచన్‌బాగ్‌లో పక్క వాటాలోని అమ్మీ, మూడో వాటాలోని అమ్మమ్మ, సెలవులకు వచ్చిన పిన్ని కూడా ఇందులో చేరతారు.

2. మెల్లగా కొట్టమని చెప్పి, అద్దాలు పగులుతాయని వెంటనే కారణం చూపడం వల్ల ఇక్కడ కావ్యలింగాలంకారం. ఒక మాటకు మరొక మాట హేతువుగా నిలిచినప్పుడు ఈ అలంకారం ఏర్పడుతుంది. తల్లి చెప్పిన హేతువు గృహరక్షణకు సంబంధించినదే అయినా, దాని ఫలం బ్యాటింగుకు చెందుతుంది. బంతిని గాలిలోకి లేపే వీలు లేనప్పుడు కుర్రవాడు మోచేయి పైకెత్తి, తల బంతి మీదికి వంచి, మణికట్టుతో దానిని నేలబారుగా పంపడం నేర్చుకోక తప్పదు. దీనికి ప్రమాణం కావలసినవారు 2001లో ఈడెన్ గార్డెన్స్‌లో ఆస్ట్రేలియా మీద వి.వి.ఎస్. లక్ష్మణ్ చేసిన 281 పరుగులను చూడవచ్చు. అందులో ఫోర్లు 44 ఉండగా సిక్సర్ ఒక్కటీ లేదు. పరదేశ ప్రమాణం కోరేవారికి డాన్ బ్రాడ్‌మన్ ఉన్నాడు. 52 టెస్టులలో 6,996 పరుగులు చేసిన ఆ మహానుభావుడు కొట్టిన సిక్సర్లు ఆరే. వీరిద్దరూ కంచన్‌బాగ్ క్వార్టర్లలో ఆడి ఉంటే ఏ మేడ మీది అద్దానికీ భయం ఉండేది కాదు.

3. “బంతులారు” అన్నచోట ఆరు సంఖ్య ఓవరును సూచిస్తున్నది. ఇంగ్లండులో ఓవరుకు ఆరు బంతులనే లెక్క 1900లో వచ్చింది. ఆస్ట్రేలియాలో 1970ల చివరి వరకు ఎనిమిది బంతులు వేసేవారు. ఈ విషయంలో తల్లులు ఇంగ్లండు సంప్రదాయాన్ని అంగీకరించినా, కుర్రవాళ్ళు ఆస్ట్రేలియా సంప్రదాయాన్నే కోరుతారు. మొదటిది ట్రయల్ బాల్ గనుక లెక్కకు రాదని, పూలకుండీ వైపు పోయినది వైడ్ అని, గోడకు తగిలి వచ్చినది డెడ్ బాల్ అని వాదించి, ఆరు బంతులను పదకొండు చేయడం ఈ శాస్త్రంలో పూర్వపక్షం, అనగా ప్రతివాది పక్షం. సిద్ధాంతం మాత్రం కుక్కరు చేతిలో ఉంటుంది.

4. తల్లి విసిరే బంతికి వేగం ఉండదు గనుక అది అభ్యాసానికి పనికిరాదని ఆక్షేపించేవారు ఉన్నారు. దానికి సమాధానం గణితంలో ఉన్నది. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి, బౌలరు చేతి నుంచి బ్యాటు వరకు సుమారు 18 మీటర్లు దాటడానికి దాదాపు అర సెకను పడుతుంది. ఆరు మీటర్ల వరండాలో తల్లి భుజం మీదుగా గంటకు 45 కిలోమీటర్ల వేగంతో విసిరిన బంతి చేరడానికి పట్టేదీ దాదాపు అర సెకనే. దూరం తగ్గినప్పుడు నెమ్మదైన బంతి కూడా కంటికీ చేతికీ అంతే తొందర పెడుతుంది. శిక్షకులు త్రోడౌన్ అని పిలిచే పద్ధతి, అనగా దగ్గర నుంచి ఒకే చోటికి పదే పదే బంతి విసిరి ఒకే దెబ్బను సాధన చేయించడం, ఈ సూత్రం మీదనే నిలిచి ఉన్నది. చున్నీని నడుముకు బిగించి, పిండి అంటిన కుడిచేతిని దాని కొసకు తుడుచుకుని, నూగు ఊడి నున్నబడిన బంతిని నాలుగో గచ్చుపలక మీదనే టప్పా పడేటట్లు వరుసగా విసరగలిగిన తల్లి ఈ విద్యలో ఆచార్యురాలే. చేతులు ఖాళీ లేనప్పుడు పాత సాక్సులో బంతిని వేసి దండెం తాడుకు వేలాడదీసి, ఊపు తగ్గినప్పుడల్లా వంటింటి గడప నుంచే మోచేతితో తోయడం ఇదే పద్ధతిలోని అవాంతర భేదం.

5. ఈ ఆచారం కొత్తది కాదు. ఇంగ్లండు క్రికెటర్ డబ్ల్యు.జి. గ్రేస్ తల్లి మార్తా గ్రేస్ తన మూడో కొడుకు ఇ.ఎం. ఆటను సిఫారసు చేస్తూ ఆనాటి జట్టు పెద్దకు ఉత్తరం రాసి, అతని తమ్ముడు డబ్ల్యు.జి. బ్యాక్ ప్లే ఇంకా మేలుగా ఉంటుందని అందులోనే సూచించింది. ఆమె ముగ్గురు కొడుకులు 1880లో ఓవల్‌లో ఆస్ట్రేలియా మీద ఒకే టెస్టులో ఆడారు. క్రికెటర్ల జనన మరణాలను నమోదు చేసే విజ్డెన్ పట్టికలో ఆమె పేరు కూడా చేరింది. మన దేశంలో సునీల్ గవాస్కర్ ఆత్మకథ మరొక ప్రమాణం. ఇంట్లో తల్లి వేసిన బంతిని చిన్ననాటి సునీల్ తిరిగి ఆమె ముక్కుకే కొట్టగా, ఆమె రక్తం కడుక్కుని వచ్చి ఆట కొనసాగించిందని అందులో ఉన్నది. మెల్లగా కొట్టమనే ఉపదేశం అద్దాలకే పరిమితం కాదని దీనివల్ల తెలుస్తున్నది.

పాఠాంతరం

అమెరికాలో స్థిరపడిన తెలుగు ఇళ్ళలో, పిల్లవాడు 1939లో విలియమ్స్‌పోర్టులో పుట్టిన లిటిల్ లీగ్ సంప్రదాయంలో బేస్‌బాల్ నేర్చుకుంటున్నప్పుడు, మొదటి పాదానికి “గట్టిగాను కొట్టు” అనే పాఠం కనిపిస్తుంది. దీనికి యతి కుదరదు, అయినా అర్థం కుదురుతుంది. అక్కడ చిన్నపిల్లలకు బంతిని టీ అనే నిలువు పీట మీద పెట్టి కొట్టిస్తారు, లేదా తల్లి ముందువైపు పక్కగా కూర్చుని చేతి కింది నుంచి నెమ్మదిగా ఎగరేస్తే ఎదురుగా ఉన్న వలలోకి కొట్టిస్తారు. రెండు సంప్రదాయాల భేదం టప్పాలో ఉన్నది. బేస్‌బాల్ బంతి నేలను తాకకుండా రావాలి గనుక అక్కడి తల్లికి సహజంగా పడే ఫుల్ టాస్ గుణం. క్రికెట్‌లో అదే దోషం గనుక కంచన్‌బాగ్ తల్లి బంతిని నేల మీద ఎక్కడ వేయాలో కూడా నేర్చుకోవలసి వస్తున్నది. ఈ కారణం చేత ఇక్కడి తల్లుల పని ఒక మెట్టు కష్టమని వ్యాఖ్యాతల అభిప్రాయం.

అన్వయ చర్చ

ఈ పద్యంలో ఒక లోపం ఉన్నదని తార్కికులు అంటారు. కొట్టేవాడు చెప్పబడ్డాడు, పగిలేవి చెప్పబడ్డాయి, కూసేది చెప్పబడింది. బంతి వేసేది ఎవరో ఎక్కడా చెప్పలేదు. తల్లి పద్యంలోకి ప్రవేశించేది నాలుగో పాదంలో, అదీ లోపలికి వెళ్ళిపోవడానికి. కాబట్టి “నేను వేయుదును” అనే క్రియను అధ్యాహారం చేసుకోవాలి. అధ్యాహారమంటే మూలంలో లేని పదాన్ని అర్థం కోసం బయటి నుంచి తెచ్చుకోవడం. అయితే దీనిని లోపమని తోసివేయడం తొందరపాటు. ఒకటి ఉన్నప్పుడు రెండోది ఉండి, అది లేనప్పుడు రెండోది కూడా లేకపోతే, మొదటిది రెండోదానికి కారణమని తార్కికులే అన్వయ వ్యతిరేకాలతో నిర్ణయిస్తారు. అమ్మ ఉన్నంతసేపు ఆట ఉన్నది, అమ్మ వెళ్ళగానే ఆట అంతమైనది. బ్యాటు, బంతి, గోడ మీద బొగ్గుతో గీసిన మూడు స్టంపులు, కుర్రవాడు అందరూ అక్కడే మిగిలి ఉన్నా ఆట మిగలలేదు. ఆమె చేసే పనిని చెప్పకుండా వదిలి, ఆమె లేకపోవడం చేత దానిని రుజువు చేయడం ఈ పద్యంలోని ధ్వని. పతకం మెడలో పడిన నాడు శిక్షకుడికి, ఎంపిక సంఘానికి, తండ్రికి వరుసగా చెప్పే కృతజ్ఞతలలో తల్లి వంతు ప్రోత్సాహం అనే ఒక్క మాటతో సరిపోవడానికి కారణం, ఆ సభలలో అధ్యాహారం చేయగలిగిన వ్యాఖ్యాతలు తక్కువగా ఉండడమే.

తాత్పర్యం

ఓ నాయనా, బంతిని నేలబారుగా ఆడు, ఎందుకంటే పై ఇంటివారి కిటికీ ఖరీదు ఈ నెల జీతంలో లేదు. నా చేతిలో ఇంకా ఒక ఓవరు ఉన్నది. ఇంతలో కుక్కరు కూస్తే నేను లోపలికి వెళ్ళాలి, నేను వెళితే నీకు బంతి వేసేవారు ఉండరు, అని తల్లి కొడుకుతో చెప్పుచున్నది.

ఫలశ్రుతి

కూసిన కుక్కరును తల్లే దించాలని ఏ శాస్త్రంలోనూ విధి లేదు గనుక, పదేళ్ళు దాటిన కొడుక్కి మూడో కూతకు స్టవ్ కట్టేయడం నేర్పిన ఇంట్లో ఈ ఓవరు మధ్యలో ఆగదు. తండ్రికి నేర్పిన ఇంట్లో రెండో ఓవరు కూడా పడుతుంది.