పాసుపుస్తకంలో లేని కుక్క

సినిమాలు చూసి చెడిపోతావని చిన్నప్పుడు ఇంట్లో తిడుతుంటే నవ్వేవాణ్ణి. యాభై దాటాక ఆ శాపం ఫలించింది. అదీ ఏ క్రైమ్ సినిమానో చూసి కాదు, పిల్లాపాపలతో కూర్చుని చూసే 'లాస్సీ కమ్ హోమ్' చూసి.

1943 నాటి సినిమా. యార్క్‌షైర్‌లో ఒక పేద కుటుంబం. తండ్రికి పని పోయింది. ఇంట్లో అమ్మితే నాలుగు డబ్బులొచ్చేది కోలీ జాతి కుక్క ఒక్కటే. దాన్ని డ్యూక్‌గారికి అమ్మేస్తారు. ఆయన మనుషులు స్కాట్లండ్ తీసుకుపోతే అది తప్పించుకుని, వందల మైళ్లు నడిచి, కుంటుకుంటూ ఊరు చేరుతుంది. నేరుగా ఇంటికి కూడా కాదు, సాయంత్రం నాలుగింటికి పిల్లవాడు బయటికొచ్చే బడి దగ్గరికి. నవల రాసిన ఎరిక్ నైట్ ఈ సినిమా విడుదల చూడనేలేదు. అదే ఏడాది జనవరిలో విమాన ప్రమాదంలో పోయాడు. డ్యూక్ మనవరాలిగా వేసిన చిన్న పాప ఎలిజబెత్ టేలర్.

నా మొదటి ఘనకార్యం సినిమా మిత్రుల సమావేశంలో జరిగింది. లాస్సీ కళ్లలో తల్లి మనసు ఎలా పొంగుతుందో, ఆ ఓర్పు ఆడజన్మకు తప్ప ఎలా సాధ్యం కాదో దంచి చెబుతున్నాను. వెనక వరసలోంచి ఒక కుర్రాడు వినయంగా లేచాడు. "సార్, అది మగకుక్కండీ." నిజమే. దాని పేరు పాల్. ఆడ కోలీలకు వేసవిలో బొచ్చు బాగా రాలిపోతుంది, తెరమీద నిండుగా కనిపించవు. అందుకని మగదానికి ఆడవేషం వేయించారు. పైగా మోటార్ సైకిల్ కనిపిస్తే వెంటపడి తరిమే జబ్బు మాన్పించమని ఒకాయన దాన్ని రడ్ వెదర్‌వాక్స్ అనే శిక్షకుడి దగ్గర వదిలాడు. ఆ జబ్బు కుదరలేదు, ఆయనా మళ్లీ తీసుకెళ్లలేదు. ఫీజు బాకీ కింద కుక్క శిక్షకుడికే మిగిలింది. నేను తల్లి మనసు చూసింది ఆ బండ్లు తరిమేవాడి కళ్లలో. "నటుడికి ఆడామగా ఏమిటోయ్" అని మాట దాటేసి టీ తాగాను.

అక్కడితో బుద్ధి రావాలి. రాలేదు.

పల్నాట్లో మాకు కాస్త మిరప చేను ఉంది. కౌలుకిచ్చి నేను హైదరాబాదులో ఉంటాను. కల్లంలో కాయలు ఆరబోసిన రాత్రుళ్లు కాపలా కాసేది మా కుక్క మోతి. ఓ ఏడాది కౌలు రైతు మారాడు. మోతిని కృష్ణ అవతల బంధువుల తోటకు పంపించేశాం. పంపించమన్నది నేనే, ఫోన్లో. కొన్నాళ్లకు మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యా, మోతి వచ్చేసింది! వంతెన దాటి ఎలా వచ్చిందో ఏమో!"

నా గుండె పొంగింది. ఎందుకొచ్చింది? నాకోసమే! ఆ రాత్రే బస్సెక్కాను. దారంతా కళ్లలో నీళ్లు. తెల్లారి ఊళ్లో దిగి, మేనల్లుడి చేతిలో ఫోన్ పెట్టి వీడియో తియ్యమని, బజారు మధ్యలో మోకాళ్లమీద కూర్చుని చేతులు చాచాను. "మోతీ!"

మోతి వచ్చింది. నా కుడికాలి బూటు వాసన చూసింది. ఎడమకాలిదీ చూసింది, అన్యాయం చెయ్యకుండా. ఒక్కసారి తుమ్మి, నన్ను తప్పుకుని పక్కింటి పెద్దమ్మ గడప దగ్గరికి పోయింది. సరిగ్గా అప్పుడే ఆవిడ సత్తు గిన్నె మెట్టుకేసి రెండుసార్లు కొట్టింది. గంజిలో కలిపిన రాత్రి అన్నం. తోక ఊపడమంటే ఏమిటో అప్పుడు చూశాను.

"రోజూ ఇదే వేళకి పెడతాను నాయనా," అంది పెద్దమ్మ. "అది లేనన్నాళ్లూ కూడా గిన్నె కొడుతూనే ఉన్నాను, అలవాటుపడిపోయి. నువ్వు ఎందుకు కింద కూర్చున్నావు, కాలు బెణికిందా?"

బెణికింది కాలు కాదని ఆవిడతో ఎలా చెప్పను? పట్టాదారు పాసుపుస్తకంలో చేను నా పేరున ఉంది కాబట్టి కుక్క కూడా అందులో ఒక సర్వే నంబరనుకున్నాను. లాస్సీ పరుగెత్తింది ప్రేమ అనే పెద్ద మాట కోసమని ఉపన్యాసాలిచ్చాను గానీ, రోజూ నాలుగింటికి తప్పకుండా బయటికొచ్చే ఒక పిల్లవాడి కోసమని గమనించలేదు. వేళ తప్పకుండా ఉండేవాళ్ల దగ్గరికే ఎవరైనా తిరిగొస్తారు. సంక్రాంతికి వచ్చి, కనుమనాడు బస్సెక్కేవాడి దగ్గరికి ఏ కుక్క వస్తుంది?

సినిమాలో నాకు నచ్చని పాత్ర డ్యూక్. ఇప్పుడు ఆయనే పెద్దమనిషిలా కనిపిస్తున్నాడు. డబ్బిచ్చి కొన్న కుక్క. హక్కంతా ఆయనది. అయినా చివర్లో దాని వాలకం చూసి, ఇది నా కుక్క కాదని తేల్చేసి, ఆ ఇంటి తండ్రికి పని కూడా ఇస్తాడు. ఆ పాటి అబద్ధం ఆడటానికి నాకు మనసు రాలేదు. మా బంధువుల వాట్సాప్ గ్రూపులో "మా మోతి నాకోసం ఇంటికొచ్చింది" అని పెట్టిన వీడియో ఇప్పటికీ ఉంది. అందరూ కళ్లు తుడుచుకునే బొమ్మలు పెట్టారు. తుమ్మిన దగ్గర్నుంచి కత్తిరించేశాను.