గోడయే గుఱ్ఱము: ఒక కారు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం:
నిలిచిన రథమునకు గోడయే గుఱ్ఱము;
పగ్గము పొట్టిదైనచో పాట గట్టిది.

ప్రతిపదార్థం: నిలిచిన = ఇంజన్ ఆపి, తాళంచెవి మాత్రం ఆన్‌లో ఉంచిన; రథమునకు = ప్రదర్శనకు ముస్తాబు చేసి డిక్కీ తెరిచిపెట్టిన కారుకు; గోడయే = గోడకున్న ప్లగ్ పాయింటే; గుఱ్ఱము = శక్తినిచ్చునది; పగ్గము = పవర్ సప్లై నుంచి కారు బ్యాటరీ దాకా పోయే వైరు; పొట్టిదైనచో = మీటరులోపు ఉంటే; పాట = స్పీకర్లలోంచి వచ్చేది; గట్టిది = తడబడనిది.

తాత్పర్యం: ఆగి ఉన్న కారులో లైట్లు, తెరలు, పాటలు పొద్దస్తమానం నడవాలంటే ఇంటి కరెంటును 12 వోల్టుల డీసీగా మార్చి ఇవ్వాలి. ఆ మార్చే పెట్టె (పవర్ సప్లై) బండికి దగ్గరగా ఉండాలి.

మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కోలాచల మల్లినాథ సూరి నియమం పెట్టుకున్నాడు. ఈ టీకాకారుడికి అంత నిగ్రహం లేదు కనుక శంకలూ సమాధానాలూ తప్పవు.

మొదటి శంక. నిలిచిన రథానికి గుఱ్ఱమెందుకు? లోపల బ్యాటరీ ఉంది కదా! ఉంది. 55 వాట్ల హాలోజన్ హెడ్‌లైట్లు రెండు వెలిగిస్తేనే 9 ఆంపియర్లు పోతాయి. తెరలు, బ్లోయర్, డిక్కీలోని ఆంప్లిఫయర్ కలిపి 40 ఆంపియర్లు లాగుతున్నాయనుకుందాం. 60 ఆంపియర్-అవర్ బ్యాటరీకి ఒకటిన్నర గంట ఆయువు. అదీ కాగితం మీద. లెడ్ యాసిడ్ బ్యాటరీని అంత వేగంగా పిండితే రాసిచ్చినంత ఇవ్వదు, మాటిమాటికీ అడుగంటా ఖాళీ చేస్తే త్వరగా పాడైపోతుంది. మధ్యాహ్నం భోజనాల వేళకే రథం మూగబోతుంది.

పోనీ, ఇంజన్ నడుపుదామా? మూసిన హాల్లో కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. అమెరికాలో చాలాచోట్ల పాటించే అంతర్జాతీయ అగ్నిమాపక నియమావళి ప్రకారం భవనం లోపల ప్రదర్శనకు పెట్టే బండి ట్యాంకులో పావు వంతు లేదా 5 గ్యాలన్లు, ఏది తక్కువైతే అంతకు మించి పెట్రోలు ఉండకూడదు. మామూలుగా బ్యాటరీ వైరు కూడా తీసేయమంటుంది. ఏటా లాస్ వేగస్‌లో జరిగే సేమా కార్ల షో లాంటి వాటిలో హాల్లోని కార్లన్నీ ఇంజన్ ఆపుకుని మెరవాల్సిందే. కాబట్టి గోడే దిక్కు.

ఇక్కడ పండితమ్మన్యులు చార్జర్ తెచ్చి తగిలిస్తారు. ఇది పూర్వపక్షం, గట్టిగా ఖండించాలి. పాతకాలపు ట్రాన్స్‌ఫార్మర్ చార్జర్ ఇచ్చేది నిలకడైన డీసీ కాదు. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద అది సెకనుకు 100 సార్లు, అమెరికా 60 హెర్ట్జ్ మీద 120 సార్లు ఎగిసి పడుతుంది. బ్యాటరీ ఉంటే ఆ కుదుపును కొంత మింగుతుంది. బ్యాటరీ తీసేస్తే పాటతో పాటు స్పీకర్లలో గుయ్‌మనే మోత కూడా వినిపిస్తుంది. కొత్తరకం స్మార్ట్ చార్జర్‌ది ఇంకో తంటా. ఎదుట బ్యాటరీ కనిపిస్తే తప్ప చాలావాటిలో కరెంటే రాదు. వచ్చినా, నిండే కొద్దీ బ్యాటరీ తీసుకునే కరెంటు తగ్గాలని అవి ఎదురుచూస్తాయి. ఆంప్లిఫయర్ లాగుతూనే ఉంటే ఆ తగ్గడం ఎప్పటికీ జరగదు. చివరికి ఎర్రలైటు వేసుకుని కూర్చుంటాయి. సప్లై మోడ్ ఉన్న చార్జర్లకు మాత్రం మినహాయింపు. అవి సగం చార్జర్లు, సగం పవర్ సప్లైలు.

సిద్ధాంతం: 13.8 వోల్టుల దగ్గర కదలకుండా నిలబడే పవర్ సప్లై. ఆ అంకె ఊరికే వచ్చింది కాదు. పూర్తిగా నిండి ఊరకున్న బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. ఇంజన్ తిరుగుతుంటే ఆల్టర్నేటర్ 14 వోల్టుల చుట్టూ ఇస్తుంది. 13.8 దగ్గర కారు ఇంజన్ నడుస్తున్నట్టే అనుకుంటుంది, బ్యాటరీ కూడా ఉడికిపోదు. 40 ఆంపియర్లంటే భయపడేవారికి ఒక మాట: గోడవైపు నుంచి అది సుమారు 650 వాట్లే, 230 వోల్టుల మీద 3 ఆంపియర్లలోపే. వంటింట్లో 750 వాట్ల మిక్సీ ఇంతకంటే ఎక్కువే లాగుతుంది. 6 ఆంపియర్ల సాకెట్ చాలు.

ఇప్పుడు పగ్గం. సూత్రకారుడి ప్రతిభంతా ఇక్కడే ఉంది. చాలామంది పవర్ సప్లైను గోడ పక్కన పెట్టి, ఇంటి వైరింగులో మిగిలిన 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరును 5 మీటర్లు కారు దాకా లాగుతారు. పోనూ రానూ 10 మీటర్ల రాగి. దాని నిరోధం మీటరుకు 7.4 మిల్లీ ఓములు. 40 ఆంపియర్ల మీద 3 వోల్టులు దారిలోనే ఆవిరి! 13.8తో బయల్దేరినది 10.8గా చేరుతుంది, దాదాపు 118 వాట్లు వైరును వేడి చేయడానికే పోతాయి. డ్రమ్ము దెబ్బ పడ్డప్పుడల్లా హెడ్‌లైట్లు మసకబారడం, ఆంప్లిఫయర్ తనంతట తానే ఆగిపోవడం దీని చలవే. లావుపాటి 16 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం అర వోల్టు లోపే, కానీ ఖరీదు జేబుకు చిల్లు. సులువైన దారి వేరే ఉంది. పెట్టెను గాలాడే చోట, బ్యాటరీకి దగ్గరగా పెట్టి, మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్సుతో 230 వోల్టులనే అక్కడి దాకా తీసుకెళ్లడం. ఆ దారిలో పోయేది వోల్టు లోపే.

విశేషం: నియమాలు ఒప్పుకునే చోట కారు బ్యాటరీని కూడా పక్కనే కలిపి ఉంచుకోవడం మేలు. బాస్ మోగినప్పుడు క్షణకాలం పడే భారాన్ని అది మోస్తుంది. ప్లస్ వైరుకు ఫ్యూజు బ్యాటరీ టెర్మినల్ పక్కనే వేయించండి. ఎక్స్‌టెన్షన్ వైరు చుట్టలు పూర్తిగా విప్పండి, ఎర్త్ పిన్ విరిగిన ప్లగ్గు వాడకండి. షో అయ్యాక ఇంజన్ స్టార్ట్ చేసే ముందు గోడ దగ్గర ప్లగ్గు పీకండి.