ఒక కుండీ చీటీకి టీకా తాత్పర్యం

మూలం: ఆకును తుంచి, ఆరనిచ్చి, మట్టిపై ఉంచవలెను. తగినంత నీరు, పరోక్షమైన వెలుతురు ఇవ్వవలెను.

అవతారిక: కామారెడ్డి, ఎల్లారెడ్డి ఇళ్ల వసారాల్లోకి దళసరి ఆకుల మొక్కలతోపాటు వచ్చే చీటీల సారమిది. కర్త అజ్ఞాతుడు. ముసురు ఎరగని దేశంవాడని మాత్రం శైలిని బట్టి ఊహించవచ్చు.

ఆకును: స్పష్టము. మట్టిపై: స్పష్టము.

తుంచి: 'మొదలంటా' అని అధ్యాహారం చేసుకోవాలి. ఎచెవేరియా, సెడమ్ వంటివాటిలో కొత్త మొగ్గ పుట్టేది ఆకు మొదట్లోనే. సగంలో తెగిన ఆకు వేళ్లు వేసినా మొక్క కావడం అరుదు. పక్కలకు మెల్లగా కదిపి ఊడదీయడమే ఇక్కడ తుంచడం. కలబందకూ ఇదే విధి కదా అని పూర్వపక్షం. కాదు. కలబంద ఆకు నాటితే కుళ్లుతుంది, దానికి పిలకలే గతి. స్నేక్ ప్లాంట్ ఆకుముక్క వేరూనుతుంది గాని, పసుపు అంచు రకానికి పుట్టే పిల్లలకు ఆ అంచు రాదు. అయినా అన్ని కుండీలకూ ఒకటే చీటీ.

ఆరనిచ్చి: గాయం మీద పొర కట్టేదాకా, నీడలో, రెండు నుంచి నాలుగు రోజులు. జులై ముసురులో ఇంకా ఎక్కువ.

తగినంత: గ్రంథమంతటికీ ప్రాణం ఈ మాటే. దీని దగ్గరే కర్త మౌనం వహించాడు. తేలిక మాటను సాగదీసి చిక్కుమాటను దాటేయడం వ్యాఖ్యాతల పాత జబ్బు. ఆ జబ్బుకు మందు వేసినవాడు ఈ ప్రాంతానికి పొరుగువాడే. ఎల్లారెడ్డి నుంచి మెదక్ మీదుగా పోతే కొల్చారం. కోలాచల మల్లినాథసూరిది ఆ ఊరేనంటారు. మూలంలో లేనిది రాయను, అక్కరలేనిది చెప్పను అని ప్రతిజ్ఞ చేసి కలం పట్టిన మనిషి. కాళిదాసు వాణి చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిందని, దాన్ని లేపడానికే రాస్తున్నానని చెప్పుకొని తన టీకకు సంజీవని అని పేరు పెట్టాడు. రఘువంశ, కుమారసంభవ, మేఘసందేశాలు మూడింటికీ అదే పేరు. భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు. నాలుగు పేర్లలో రెండు ప్రాణం పోసే మందులవే కావడం గమనార్హం. అక్కరలేనిది చెప్పనన్న ఆయన ప్రతిజ్ఞ ఈ పేరాకు వర్తించదు.

ప్రకృతం నీరు. మట్టి అడుగుదాకా ఎండిన తర్వాతే తగినంత, అంతకు ముందు ఎంతైనా అధికమే. వేళ్లు రాని ఆకుకు నీరే అక్కరలేదు, అది తనలో దాచుకున్న తడితోనే బతుకుతుంది. ఆ తడి ఎండకు పోకుండా ఈ జాతుల్లో చాలావాటి ఆకురంధ్రాలు రాత్రివేళే తెరుచుకుంటాయి. అప్పుడు లోనికి పోయిన బొగ్గుపులుసు వాయువు ఆమ్లంగా నిలవై, పగలు ఎండకు ఖర్చవుతుంది. రణపాల ఆకు పొద్దున పుల్లగా, మధ్యాహ్నం చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని, ఒకప్పుడు సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీ తోటలో పనిచేసిన బెంజమిన్ హెయిన్ నమిలి చూసి రాసిన ఉత్తరాన్ని లండన్ లినేయన్ సొసైటీ 1815లో అచ్చేసింది. చీటీ రాసినవాడు ఏదీ నమిలినట్టు లేదు.

స్పష్టమని విడిచిన మట్టి నిజానికి స్పష్టం కాదు. నల్లరేగడిలో పెట్టిన ఆకు ఒక్క వానకే మురుగుతుంది. చెలక మట్టిలో సగానికి సగం దొడ్డు ఇసుక కలపాలి, కుండీకి అడుగున చిల్లు ఉండాలి. చిల్లులేని పింగాణీ గిన్నెలో మొక్క పెట్టి అమ్మి, చచ్చాక 'నీళ్లు ఎక్కువ పోసిన్రు' అనడం శాస్త్రం కాదు, బేరం.

పరోక్షమైన వెలుతురు: మే నెలలో పడమటి గోడ ఎండ ఈ నిర్వచనంలోకి రాదు, చీకటి హాల్లో టీవీ పక్కన బల్లా రాదు. తూర్పు వసారా వస్తుంది.

తాత్పర్యం: కొత్త పేరుతో, రంగు కుండీలో నర్సరీవాళ్లు అమ్మే రణపాల, పొరుగింటి గోడ పక్కనే ఉంటే, ఒక ఆకు అడగండి, ఊరికే ఇస్తారు. మట్టి మీద పడేస్తే దాని అంచు నొక్కుల్లోంచి పిల్లలు లేస్తాయి. దానికి చీటీ ఉండదు.